నడిచేటప్పుడు ఒకటి, ఆగినప్పుడు ఒకటి: మంచు కొండలకు తేలికైన వెచ్చని దుస్తులు ఎంచుకునే పద్ధతి

బెజవాడలో ఉండి చలికోటు కొనడం కష్టం. డిసెంబరులో కూడా ఇక్కడ తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గరే చలి ఆగిపోతుంది. షాపులో జాకెట్ వేసుకుని రెండు నిమిషాలు నిలబడితే మెడ వెనక చెమట పడుతుంది. ఆ చెమట చూసి 'బాగా వెచ్చగా ఉంది' అనుకుని డబ్బు కట్టేస్తాం. మొదటిసారి ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠకు వెళ్లినప్పుడు నేనూ అలాగే కొన్నాను. కిలోన్నర బరువున్న మందపాటి జాకెట్, లోపల రోజూ వేసుకునే కాటన్ బనియన్.

సాంక్రి ఊరి నుంచి జూడా కా తాలాబ్ దాకా దేవదారు చెట్ల మధ్య అంతా ఎక్కుడే. గంట నడిచేసరికి బనియన్ ఒంటికి అంటుకుపోయింది. చలి ప్రదేశం కదా, జాకెట్ తీస్తే జబ్బు చేస్తుందేమోనని తియ్యలేదు. క్యాంపు చేరి కూర్చున్న పది నిమిషాలకు పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఒంటి మీద కిలోన్నర జాకెట్ ఉంది, అయినా వణుకు ఆగలేదు. మా గైడ్ వచ్చి నా కాలర్ వెనక చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి తడితో బయటికి వచ్చింది. ముందు లోపలి బనియన్ తీసెయ్యమన్నాడు. అతను దారంతా పల్చటి ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే పాలియెస్టర్ గుడ్డతో చేసిన స్వెటర్ లాంటిది) ఒక్కటే వేసుకుని నడిచాడు. ఆగిన మరుక్షణం సంచిలోంచి ఉబ్బిన జాకెట్ తీసి పైన వేసుకున్నాడు. నేను అంతకుముందు నాలుగైదు సార్లు చూసినా పట్టించుకోలేదు.

ఆ రోజు తెలిసింది ఇది: కొండల్లో చలికి వేసుకునే బట్టలు రెండు రకాలు, నడిచేటప్పుడు వేసుకునేవి, ఆగినప్పుడు వేసుకునేవి. ఒకే జాకెట్‌తో రెండు పనులూ చేయించాలనుకుంటేనే బరువూ పెరుగుతుంది, చలీ వేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ రెండింటినీ విడివిడిగా, తేలిగ్గా ఎలా ఎంచుకోవాలన్నదే.

ముందుగా: ఎక్కడికి, ఎంత చలికి?

ఏమీ కొనకముందు కాగితం మీద రెండు లెక్కలు రాసుకోండి.

మొదటిది చలి లెక్క. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సాంక్రి సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్లు. అంటే ఊళ్లో 5 డిగ్రీలు ఉన్న వేళకు పైన మైనస్ 7 దగ్గర ఉంటుందని అనుకోవచ్చు. దానికి గాలి తోడైతే ఇంకా కిందికి పోతుంది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది.

రెండోది రోజు లెక్క. ఎన్ని గంటలు నడుస్తారు, ఎన్ని గంటలు ఆగి ఉంటారు? మామూలు ట్రెక్‌లో రోజుకు ఐదారు గంటల నడక. మధ్యాహ్నానికల్లా క్యాంపు చేరతారు, ఇక చీకటి పడేదాకా టీ, కబుర్లు, భోజనం, అన్నీ కదలకుండానే. శిఖరం ఎక్కే రోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతారు. గుల్‌మార్గ్‌లోనో ఔలీలోనో స్కీ టూరింగ్ (స్కీలు కట్టుకునే కొండెక్కి, వాటి మీదే జారుతూ దిగడం) చేసేవాళ్లది వేరే తీరు: గంటన్నర చెమటలు కక్కుతూ ఎక్కడం, పైన గాలిలో పావుగంట ఆగడం, తర్వాత ఎదురుగాలిలో జారుకుంటూ దిగడం.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత. బరువు మోస్తూ మంచులో కొండెక్కేటప్పుడు అది ఐదారు రెట్లవుతుంది. అప్పుడు ఒంటికి కావలసింది వెచ్చదనం కాదు, లోపలి ఆవిరి బయటికి పోయే దారి. ఆగిన క్షణంలో ఆ ఐదారు బల్బులు ఆరిపోయి ఒక్కటే మిగులుతుంది. మందపాటి జాకెట్ అవసరం అప్పుడు మొదలవుతుంది.

ఒంటికి తగిలే పొర: కాటన్ వద్దు

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కుండ చెమర్చి, ఆ తడి ఆరుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. తడిసిన కాటన్ బనియన్ మీ ఛాతీ మీద చేసే పని కూడా అదే. పైగా నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. మే నెలలో మన ప్రాణం నిలబెట్టే కాటన్, మంచులో మనకు పనికిరాదు. బనియన్ నుంచి లోదుస్తుల దాకా కాటన్ ఇంట్లోనే వదిలెయ్యండి.

దాని బదులు పాలియెస్టర్ గానీ మెరినో అనే గొర్రెల సన్నటి ఉన్ని గానీ తీసుకోండి. పాలియెస్టర్ దాదాపు నీరు పీల్చదు, తొందరగా ఆరుతుంది, చవక. నాలుగు రోజులు వేసుకుంటే మాత్రం కంపు కొడుతుంది. మెరినో వాసన రాదు, కాస్త తడిగా ఉన్నా ఒంటికి చల్లగా తగలదు, కానీ నెమ్మదిగా ఆరుతుంది, ధర ఎక్కువ. బాగా చెమట పట్టే ఒళ్లయితే నడవడానికి పల్చటి పాలియెస్టర్, క్యాంపులో పడుకోవడానికి మెరినో పెట్టుకోండి. మన ఊళ్లో 'థర్మల్స్' పేరుతో అమ్మే తెల్లటి మందపాటి జతల్లో చాలావాటిలో కాటన్ కలిసి ఉంటుంది. లోపల కుట్టిన లేబుల్ చదివి గానీ కొనొద్దు. పల్చనివే తీసుకోండి, చొక్కా ఒకటి 150 నుంచి 200 గ్రాములు దాటకూడదు.

నడిచేటప్పుడు వేసుకునే పొర

డబ్బు కాస్త ఆలోచించి పెట్టాల్సింది దీని మీద. పేరుకు జాకెట్ అంత గొప్పగా కనిపించదు గానీ రోజులో ఎక్కువసేపు ఒంటి మీద ఉండేది ఇదే.

తేలికపాటి ఫ్లీస్ చాలు. ఫ్లీస్‌ను మామూలుగా 100, 200, 300 అని తరగతులు చేస్తారు, అంకె పెరిగితే మందం పెరిగినట్లు. నడకకు 100 రకం సరిపోతుంది, 200 క్యాంపుకు పనికొస్తుంది, 300 బరువు దండగ. లోపలి వైపు చిన్న చిన్న గళ్లుగా నేసిన గ్రిడ్ ఫ్లీస్ అని ఒకటుంది. గళ్ల మధ్య సందుల్లోంచి ఆవిరి పోతుంది, ఎత్తుగా ఉన్న చోట వెచ్చటి గాలి నిలుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే నడకలో కూడా తియ్యక్కర్లేని సింథటిక్ జాకెట్లు దొరుకుతాయి. పోలార్‌టెక్ ఆల్ఫా అనే గుడ్డ ఇందులో పేరున్నది. అమెరికా ప్రత్యేక దళాల సైనికులు కదిలినా ఆగినా జాకెట్ మార్చుకోనక్కర్లేకుండా ఉండాలని దాన్ని తయారుచేశారు. చూడ్డానికి జల్లెడలా పల్చగా, వెంట్రుకలు పైకి లేచి ఉంటుంది. అద్భుతంగా ఆవిరి వదులుతుంది. అయితే గాలి కూడా అంతే సులువుగా లోపలికి వస్తుంది కాబట్టి పైన గాలి ఆపే పొర తప్పనిసరి.

షాపులో చేసే పరీక్ష ఒకటి చెబుతాను. గుడ్డను నోటికి గట్టిగా ఆనించి ఊదండి. అవతల పెట్టిన అరచేతికి ఊపిరి వెచ్చగా తగిలితే నడకకు పనికొచ్చే పొర. తగలకపోతే అది నడకకు కాదు, ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

బిగుతు విషయంలో ఒంటికి అతుక్కునేట్టు ఉండాలి గానీ ఊపిరి తీస్తే పట్టెయ్యకూడదు. మెడ దగ్గర్నుంచి ఛాతీ దాకా జిప్పు ఉంటే మంచిది. ఎక్కేటప్పుడు ఆ జిప్పు ఒక్కటి కిందికి లాగితే సగం వేడి పోతుంది, ఆగి బట్టలు మార్చే పని తప్పుతుంది.

గాలి ఆపే పొర

డిసెంబరులో తెల్లవారుజామున ఐదింటికి ప్రకాశం బ్యారేజీ మీద బండి మీద వెళ్లినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చలి 18 డిగ్రీలే. బండి ఆపితే హాయిగా ఉంటుంది, నడిపితే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకే పాలవాళ్లూ పేపరు వేసేవాళ్లూ మఫ్లర్ బిగించి వెళతారు. పల్చటి విండ్‌చీటర్ ఒకటి వేసుకుంటే ఆ చలి సగానికి సగం తగ్గిపోతుంది. 100 నుంచి 150 గ్రాముల బరువుండి, మడిస్తే గుప్పిట్లో పట్టే నైలాన్ విండ్‌చీటర్ ఒకటి కొనండి. గ్రాముకు ఇంత వెచ్చదనం ఇచ్చే వస్తువు మరొకటి లేదు.

రెయిన్ జాకెట్ వేరు. అది మంచు కురిసినా వాన పడినా ఆపుతుంది, కానీ ఆవిరిని కూడా లోపలే ఉంచుతుంది. సంచిలో ఉండాలి, పొద్దస్తమానం ఒంటి మీద ఉండక్కర్లేదు.

ఆగినప్పుడు వేసుకునే జాకెట్

ఇక ఉబ్బిన జాకెట్. ఇక్కడ అంకెలు అర్థమైతే షాపువాళ్ల మాటలతో పని లేదు.

ముందు వెచ్చదనం ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. పాత బూరుగుదూది పరుపు ఏళ్లు గడిచాక అట్టలా బిగుసుకుపోతుంది, కింద నేల చల్లదనం తెలుస్తుంది. దూదేకులవాళ్లు వచ్చి దాన్ని విప్పి ఏకితే అదే దూది రెండింతలు పొంగుతుంది, మళ్లీ వెచ్చగా ఉంటుంది. దూది బరువు పెరగలేదు, దాని మధ్య నిలిచిన గాలి పెరిగింది. జాకెట్‌లోనూ మనల్ని కాపాడేది కదలకుండా నిలిచిన ఆ గాలే. కాబట్టి బరువు కాదు, పొంగు చూడాలి.

బాతు, హంస జాతి పక్షుల రొమ్ము దగ్గర ఈకల కింద ఉండే మెత్తటి నూగును డౌన్ అంటారు. దీనంత పొంగేది, ఇంత చిన్నగా ముడుచుకునేది ఇంకొకటి లేదు. 1922లో ఎవరెస్ట్ యాత్రకు వెళ్లిన జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డలో డౌన్ కుట్టించుకున్న కోటుతో వెళ్లాడు. తోటివాళ్లంతా ఉన్ని, ట్వీడ్ కోట్లు వేసుకున్న రోజులవి. ముందు అతని కోటు చూసి నవ్వినవాళ్లే పైన చలి మొదలయ్యాక అలాంటిది తమకూ ఉంటే బాగుండేదనుకున్నారు.

డౌన్ జాకెట్ మీద రెండు అంకెలు చూడాలి. ఒకటి ఫిల్ పవర్: 28 గ్రాముల డౌన్ ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో చెప్పే లెక్క. 550 అంటే మామూలు, 650 బాగుంది, 800 పైన చాలా మంచిది. రెండోది లోపల నింపిన డౌన్ ఎన్ని గ్రాములన్నది. చాలామంది మొదటి అంకె చూసి సంబరపడి రెండోది అడగరు. 800 ఫిల్ పవర్ అని పెద్దక్షరాలతో రాసి లోపల 50 గ్రాములే నింపితే అది మైనస్ డిగ్రీలకు చాలదు.

రెండు జాకెట్లను పోల్చాలంటే రెండు అంకెలనూ గుణించండి. 800 ఫిల్ పవర్, 80 గ్రాములు: 64,000. 650 ఫిల్ పవర్, 100 గ్రాములు: 65,000. రెండింటి పొంగూ దాదాపు సమానం. తేడా 20 గ్రాములే, కానీ ధరలో తేడా వేలల్లో ఉండొచ్చు. ఆ 20 గ్రాముల కోసం అంత డబ్బు పెట్టాలా అన్నది మీ ఇష్టం. నేనైతే పెట్టను. ఆ డబ్బుతో మంచి గ్రిడ్ ఫ్లీస్ వస్తుంది.

చలికాలంలో కేదార్‌కంఠ, బ్రహ్మతాల్, దయారా బుగ్యాల్ లాంటి చోట్ల సాయంత్రం క్యాంపులో కూర్చోవడానికి, 700 నుంచి 800 ఫిల్ పవర్‌లో 100 నుంచి 150 గ్రాముల డౌన్ ఉన్న టోపీ జాకెట్ నా లెక్క ప్రకారం సరిపోతుంది. మొత్తం బరువు 350 నుంచి 450 గ్రాముల మధ్య వస్తుంది. 80 గ్రాముల లోపు నింపినవి దారిలో కాసేపు ఆగడానికే. డౌన్ 90 శాతం, ఈకలు 10 శాతం అని లేబుల్ మీద ఉంటే మంచిది. ఈకల పాళ్లు పెరిగేకొద్దీ పొంగు తగ్గుతుంది, కాడలు గుచ్చుకుంటూ బయటికి వస్తాయి. పక్షులను హింసించకుండా సేకరించిన డౌన్ అని చెప్పే ఆర్‌డీఎస్ ముద్ర ఉందేమో కూడా చూడండి, నాకు అది ముఖ్యం.

రోడ్డు పక్కన చవగ్గా దొరికే ఉబ్బిన జాకెట్లలో చాలావరకు ఉండేది దిండ్లలో కూరే పాలియెస్టరే. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఉబ్బి ఉండే గడిని ఒకదాన్ని చేత్తో నొక్కి చూడండి. డౌన్ అయితే వేళ్ల మధ్య దాదాపు ఏమీ లేనట్టు అణుగుతుంది, వదిలితే నెమ్మదిగా పొంగుతుంది, అక్కడక్కడా సన్నటి కాడ తగులుతుంది. పాలియెస్టర్ అయితే మెత్తటి ముద్ద ఒకటి చేతిలో మిగిలే ఉంటుంది.

డౌన్‌కు ఒకటే శత్రువు, తడి. తడిస్తే ఉండలు కట్టి పొంగు పోతుంది, కొండ మీద ఆరదు. అందుకే డౌన్ వేసుకుని నడవకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను. లోపలి నుంచి వచ్చే చెమట కూడా తడే.

సింథటిక్ జాకెట్ ఇక్కడ ఉపయోగపడుతుంది. ప్రైమాలాఫ్ట్ లాంటి దారాలను డౌన్‌కు బదులుగా అమెరికా సైన్యం కోసం 1980లలో తయారుచేశారు. తడిసినా చాలావరకు వెచ్చదనం నిలుపుతుంది, తొందరగా ఆరుతుంది, ఇంట్లో ఉతకడం తేలిక. కానీ అదే వెచ్చదనానికి బరువు ఎక్కువ, పదే పదే నొక్కి సంచిలో కుక్కితే రెండు మూడేళ్లలో పల్చబడిపోతుంది. దీన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో అమ్ముతారు. 60 అంటే కదులుతూ కూడా వేసుకోవచ్చు, 100 దాటితే ఆగినప్పటికి.

ఏది కొనాలంటే, పొడి మంచు, రాత్రి క్యాంపులు, ఏడాదికి ఒక ట్రెక్ అయితే డౌన్. మార్చి తర్వాత తడి మంచు, వాన భయం, స్కీ మీద పదే పదే ఎక్కి దిగడం, బాగా చెమట పట్టే ఒళ్లు అయితే సింథటిక్. డబ్బు తక్కువైతే ఫ్లీస్ రెండు, చవకైన సింథటిక్ ఒకటి తీసుకుని నిశ్చింతగా వెళ్లండి.

గుడ్డ, కుట్టు, కొలత

పై గుడ్డ మందాన్ని డెనియర్‌లో చెబుతారు. 10 డెనియర్ గుడ్డ ఉల్లిపొరలా ఉంటుంది, ముల్లు తగిలితే చిరుగుతుంది. మొదటి జాకెట్‌కు 20 డెనియర్ తీసుకోండి, 40, 50 గ్రాములు పెరిగినా పర్వాలేదు. నెగడు దగ్గర కూర్చుంటే మాత్రం ఏ నైలానూ ఆగదు. ఒక్క నిప్పురవ్వ పడితే గుండ్రటి చిల్లు పడి డౌన్ పొగలా లేచిపోతుంది. రిపేర్ టేప్ ముక్క ఒకటి సంచిలో ఉంచుకోండి, లేకపోతే గాయానికి వేసే ప్లాస్టర్ అయినా అప్పటికి ఆపుతుంది.

బొంత కుట్టినట్టు పైగుడ్డా లోగుడ్డా కలిపి కుట్టిన జాకెట్లే ఎక్కువ దొరుకుతాయి. ప్రతి కుట్టు దగ్గరా మందం సున్నా అవుతుంది కాబట్టి చలి అక్కడ దూరుతుంది. గడులు వెడల్పుగా ఉంటే కుట్లు తక్కువ. మన ట్రెక్‌లకు ఇది చాలు. గడికీ గడికీ మధ్య గోడ పెట్టి కుట్టినవి ఇంకా పెద్ద కొండలకు.

కొలత విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడతారు. షాపుకు టీషర్ట్ మీద వెళ్లి సరిపోయిందని తెచ్చుకుంటారు. ఆగినప్పుడు వేసుకునే జాకెట్ అన్నిటి మీదా వెయ్యాలి: ఫ్లీస్ మీద, విండ్‌చీటర్ మీద కూడా. తీసి వేసుకునే ఓపిక చలిలో ఉండదు. అందుకని ఇంటి నుంచి అవన్నీ సంచిలో పెట్టుకెళ్లి, ఏసీ కింద నిలబడి అన్నీ తొడుక్కుని పైన జాకెట్ వేసి చూడండి. చేతులు పైకెత్తితే నడుము బయటపడకూడదు, గొంతుక్కూర్చుంటే వీపు పట్టకూడదు. బిగుతుగా ఉంటే లోపలి పొంగు నలిగిపోయి, పెట్టిన డబ్బంతా వృథా.

స్కీ టూరింగ్‌కు వెళ్లేవాళ్లకు

స్కీల అడుగున స్కిన్స్ అనే నూగు పట్టీలు అంటించి కొండెక్కుతారు. ముందుకు జారతాయి, వెనక్కి జారవు. గుల్‌మార్గ్‌లో గొండోలా అనే కేబుల్ కారు మిమ్మల్ని అఫర్‌వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళుతుంది గానీ అక్కణ్నుంచి పక్క లోయల్లోకి వెళ్లాలంటే స్కిన్స్‌తో ఎక్కాల్సిందే. ఎక్కేటప్పుడు బేస్ లేయర్ (ఒంటికి తగిలే పొర) మీద విండ్‌చీటర్ ఒక్కటి చాలనిపిస్తుంది, అదీ జిప్పు తీసి.

అసలు పరీక్ష పైన గట్టు మీద. స్కిన్స్ పీకాలి, మడవాలి, బూట్లను స్కీలకు పట్టి ఉంచే బైండింగ్‌లు మార్చాలి, బూట్లు బిగించాలి. ఆ పదిహేను నిమిషాల్లో వీపు మీద చెమట చల్లబడుతుంది, ఎదురుగా గాలి కొడుతుంది. కాబట్టి ఆగగానే చేసే మొదటి పని జాకెట్ వేసుకోవడం, తర్వాతే స్కిన్స్ ముట్టుకోవడం. జాకెట్‌ను సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకోండి. దాని టోపీ హెల్మెట్ మీదుగా పట్టాలి. లోపల పెద్ద నెట్ జేబులు ఉండాలి. మళ్లీ ఎక్కేదుంటే పీకిన స్కిన్స్‌ను ఆ జేబుల్లో పెట్టుకుంటారు, ఒంటి వెచ్చదనానికి జిగురు పనిచేస్తూ ఉంటుంది. తడి గ్లవ్స్‌కూ అదే జేబు. ఈ పనికి నా ఓటు సింథటిక్‌కే.

కాళ్లకు నడకలో పల్చటి థర్మల్ మీద ట్రెక్ ప్యాంటు చాలు. క్యాంపులో మందపాటిది కావాలి. తలకు మంకీ క్యాప్ కంటే పల్చటి ఉన్ని టోపీ, మెడకు చుట్టుకునే బఫ్ ఉపయోగం. చేతులకు పల్చటి గ్లవ్స్ ఒక జత, వాటి పైన వేళ్లు కలిసి ఉండే మిటెన్ ఒకటి.

తూకం వెయ్యండి

వంటింటి కాటా చాలు. బేస్ లేయర్ 180, గ్రిడ్ ఫ్లీస్ 250, విండ్‌చీటర్ 120, ఉబ్బిన జాకెట్ 400, రెయిన్ జాకెట్ 350 గ్రాములు. మొత్తం 1,300 గ్రాములు. నా మొదటి కిలోన్నర జాకెట్ ఒక్కదాని కంటే తక్కువ, పనిచేసేది మాత్రం ఐదు రకాలుగా. కంపెనీ రాసిన బరువు ఒక సైజుకు సంబంధించినది, మీ సైజు ఎంత తూగుతుందో మీరే చూసుకోండి.

ఇక్కడే పరీక్షించుకోండి

చలి లేని ఊళ్లో పరీక్ష ఎలా అంటారు. గుంటూరులో మా బావమరిది మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు. అనుమతి తీసుకుని మే నెలలో నన్ను లోపలికి తీసుకెళ్లాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల పది డిగ్రీల లోపే. మిర్చి టిక్కీల వరసల మధ్య ఊరికే నిలబడ్డాను. మొదటి పావుగంట ఏమీ తెలియలేదు. "ఏం బావా, ఎక్కడన్నా చలేస్తందా?" అని అడిగాడు. అరగంటకు తెలిసింది: మెడ దగ్గర జిప్పు చివర సన్నగా, మణికట్ల దగ్గర, తర్వాత భుజాల మీద కుట్ల వెంట గీత గీసినట్టు. జిప్పు వెనక గుడ్డ పట్టీ లేకపోవడం వల్లే మెడ దగ్గర చలి. ఆ జాకెట్ తిరిగి ఇచ్చేసి పట్టీ ఉన్నది తెచ్చుకున్నాను. ఘాటుకు దగ్గు వస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

అలాంటి వీలు లేకపోతే జనవరిలో లంబసింగి వెళ్లండి. చింతపల్లి దగ్గర సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి పడిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట నడవండి, అరగంట కూర్చోండి. నడకలో చెమట పడితే ఒక పొర ఎక్కువైందని, కూర్చున్నప్పుడు వణికితే జాకెట్ చాలదని అర్థం. డబ్బు తిరిగి వచ్చే గడువు ఉండగానే ఈ పని చెయ్యండి.

కొండ మీద వాడే తీరు

బయల్దేరేటప్పుడు కాస్త చలి వెయ్యాలి. వెచ్చగా ఉండి బయల్దేరితే పది నిమిషాల్లో చెమట పడుతుంది. శిఖరం రోజు మూడింటికి టెంట్ బయట మైనస్‌లో జాకెట్ విప్పాలంటే మనసు ఒప్పదు, నాకు ఇప్పటికీ కష్టమే. విప్పి సంచిలో పెట్టి గబగబా నాలుగడుగులు వేస్తే పావుగంటకు ఒళ్లు సర్దుకుంటుంది. చెమట పట్టాక విప్పడం కాదు, పట్టబోతోందని తెలియగానే జిప్పు తియ్యండి, టోపీ తియ్యండి, నడక తగ్గించండి. క్యాంపు చేరగానే లోపలి చొక్కా మార్చి, పొడిదాని మీద జాకెట్ వెయ్యండి. ఆ పొడి చొక్కాను ఎంత చెమట పట్టినా నడకకు వాడొద్దు, అది రాత్రికే. రాత్రి జాకెట్‌ను టెంట్ గోడకు తగలకుండా పెట్టుకోండి, గోడ మీద ఊపిరి ఆవిరి గడ్డకట్టి తెల్లారేసరికి దాని మీద రాలుతుంది.

ఇంటికి తెచ్చాక

మన ఊళ్లో జాకెట్లు చలికి కాదు, ఉక్కకు పాడవుతాయి. ట్రెక్ నుంచి వచ్చాక నలిపి చిన్న సంచిలో పెట్టి అటక మీద పడేస్తే, వానాకాలం వెళ్లేసరికి బూజు వాసన, పొంగు సగం. డౌన్‌ను మామూలు సర్ఫ్‌తో ఉతకొద్దు, డౌన్ కోసం అమ్మే సబ్బు ద్రవం దొరుకుతుంది. బకెట్లో గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, చేతులతో మెల్లగా నొక్కి, నురగ పోయేదాకా జాడించండి. పిండొద్దు, పట్టుకుని వేలాడదియ్యొద్దు, తడిసిన డౌన్ బరువుకు లోపలి గోడలు తెగుతాయి. రెండు చేతుల మీదా పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పరిచిన తువ్వాలు మీద వెయ్యండి.

డ్రయ్యర్ లేని ఇల్లయితే ఫాన్ కింద రెండు మూడు రోజులు పడుతుంది. ఎండలో వెయ్యొద్దు, నైలాన్ బలం పోతుంది. పూటకు రెండుసార్లు తిరగేసి, ప్రతి గడిలో ఉండకట్టిన ముద్దను వేళ్లతో విడదియ్యండి. మా ఇంట్లో అమ్మ టీవీ చూస్తూ ఆ పని చేస్తుంది, నాకంటే ఓపిగ్గా. అంతా ఆరిందనిపించాక ఇంకో రోజు వదిలెయ్యండి. తర్వాత బీరువాలో హ్యాంగర్‌కు వదులుగా తగిలించి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పది రోజులకోసారి బయటికి తీసి ఫాన్ గాలి తగలనివ్వండి.